పావు కదిపితే... బోర్డు పసిగడుతుంది!

ఎలక్ట్రానిక్ చదరంగం బోర్డు మీద ఏ పావును ఎక్కడ పెట్టినా ఇట్టే గుర్తుపట్టేస్తుంది. కానీ ఒక షరతు... ఆ పావులు దానితోపాటు వచ్చినవై ఉండాలి. తాతలనాటి చెక్క పావుల్ని తెచ్చి పేర్చితే బోర్డు దృష్టిలో 64 గళ్లూ ఖాళీయే! మరి మనకు నచ్చిన పావులతో ఆడుకునే దారే లేదా? ఎందుకు లేదూ... కాస్త ఓపిక, కాస్త రాగితీగ ఉంటే చాలంటున్నారు ఔత్సాహికులు.

కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, హరికృష్ణ, అర్జున్ ఇరిగేశి... మనవాళ్లు ఎక్కడో విదేశంలో ఎత్తు వేస్తారు. ఆ ఎత్తు క్షణాల్లో ఇక్కడ మన కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమవుతుంది. పక్కన కూర్చుని ఎవరో టైపు చేస్తున్నారనుకుంటే పొరపాటే. ఆ పని చేసేది వాళ్ల ముందున్న బోర్డు. పెద్ద టోర్నమెంట్లలో ఎక్కువగా కనిపించేవి నెదర్లాండ్స్ కంపెనీ డీజీటీ తయారుచేసే బోర్డులు. చూడటానికి మామూలు చెక్క బల్లలాగే ఉంటాయి. అసలు సంగతంతా లోపలే!

శ్రుతి కలిస్తేనే పలుకుతుంది

ఒకే శ్రుతిలో ఉన్న రెండు వీణల్ని పక్కపక్కన పెట్టి ఒకదాని తీగ మీటితే, రెండోదాని తీగా సన్నగా కంపిస్తుంది. ఈ బోర్డు కిటుకూ అదే. ప్రతి పావు అడుగునా సన్నని రాగితీగ చుట్ట, దానికి జతగా చిన్న కెపాసిటర్ ఉంటాయి. బ్యాటరీ ఉండదు. బోర్డు లోపల అడ్డంగా, నిలువుగా పరిచిన తీగలు ఒక్కో ఫ్రీక్వెన్సీలో సంకేతం పంపుతుంటాయి. ఆ ఫ్రీక్వెన్సీకి శ్రుతి కలిసిన చుట్ట ఏ గడిలో ఉంటే ఆ గడి నుంచి బదులొస్తుంది. తెల్లరాజుకు ఒక శ్రుతి, నల్లరాజుకు ఇంకోటి. మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు... అన్నీ కలిపి రెండు రంగులకు 12 శ్రుతులు.

అన్ని బోర్డులూ ఇంత తెలివైనవి కావు. 1977లో వచ్చిన ‘ఫిడెలిటీ చెస్ ఛాలెంజర్’లో ఎత్తుల్ని బటన్లు నొక్కి చెప్పాల్సి వచ్చేది. ఆ తర్వాత పావుతో గడిని నొక్కితే గ్రహించేవి, పావు అడుగున అయస్కాంతం ఉంటే కనిపెట్టేవి వచ్చాయి. అయస్కాంతం బోర్డుకు ‘ఇక్కడేదో ఉంది’ అని మాత్రమే తెలుస్తుంది. అది గుర్రమో శకటో తెలీదు. ఆట మొదట్లో ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకుని లెక్క కట్టుకుంటూ పోతుంది. అందుకే బంటు చివరి గడికి చేరినప్పుడు దానికి చిక్కు. వచ్చింది మంత్రా, గుర్రమా? మనమే చెప్పాలి. ఈ రకం బోర్డుకు సొంత పావులు చేసుకోవడం మాత్రం తేలిక. అడుగున సరైన దిశలో ఒక అయస్కాంతం బిళ్ల అతికిస్తే సరి.

బరువే బెడద

శ్రుతి బోర్డుతోనే అసలు పరీక్ష. మంచి చెక్క పావులు చేతికి నిండుగా, బరువుగా ఉంటాయి. తూలిపోకుండా అడుగున సీసమో ఇనుమో పోస్తారు. చుట్టకు బద్ధశత్రువు ఆ లోహమే. పక్కనే ఉంటే శ్రుతి తప్పిస్తుంది, సంకేతాన్ని మింగేస్తుంది. కాబట్టి ముందు అడుగున అతికించిన మెత్తని గుడ్డను జాగ్రత్తగా ఊడదీయాలి. బరువును బయటకు తీయాలి. రంధ్రం వెడల్పు చేసి, బరువును వీలైనంత పైకి జరిపి, మధ్యలో చెక్క ముక్క అడ్డుపెట్టి, చుట్టను అట్టడుగున అమర్చాలి. చుట్ట బోర్డుకు ఎంత దగ్గరైతే అంత బాగా ‘వినబడుతుంది’. చివరగా గుడ్డను మళ్లీ అతికిస్తే పావు ఎప్పటిలాగే కనిపిస్తుంది.

ఇలా 32 సార్లు! బంట్లు దాటాక వచ్చే రెండో మంత్రినీ కలిపితే 34. వీటిలో బాగా విసిగించేవి బంట్లే. సంఖ్యలో 16, అడుగేమో చిన్నది.

చుట్టల్ని సొంతంగా చుట్టుకునేవాళ్లకు లెక్క ఇంకా గట్టిగా ఉండాలి. చుట్లు పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. 50 చుట్ల తీగలో ఒక్క చుట్టు ఎక్కువైతే సుమారు 2 శాతం తేడా. కెపాసిటర్ విలువ పది శాతం అటూఇటూ అయితే ఫ్రీక్వెన్సీ అయిదు శాతం దాకా జరుగుతుంది. పక్క శ్రుతి దగ్గర్లోనే ఉంటే ఏమవుతుంది? గుర్రం కాస్తా శకటైపోతుంది! అంత శ్రమ వద్దనుకునేవాళ్లు పాత ఎలక్ట్రానిక్ ప్లాస్టిక్ పావుల్లోని చుట్టల్ని తీసి వాడుకోవచ్చు. ఏదైనా ప్రతి పావునీ 64 గళ్లలో, గడి నడుమనా అంచునా పెట్టి చూసుకోవాల్సిందే. ఇంట్లో ఆటలో పొరపాటొస్తే నవ్వుకోవచ్చు. పోటీలో అయితే ప్రపంచమంతా తప్పు ఎత్తు చూస్తుంది.

తొలవాలా... వద్దా?

తలనొప్పంతా ఇక్కడే. కొత్త పావుకు రంధ్రం పెడితే పోయేదేం లేదు. అమృత్‌సర్‌లో ఒకప్పుడు దంతం చెక్కిన చేతులే ఇప్పుడు చెక్కతో చదరంగం పావులు చేసి దేశదేశాలకు పంపుతున్నాయి. గుర్రం తలను ఇప్పటికీ ఉలితో చేత్తోనే చెక్కుతారు. అలాంటి సెట్ మళ్లీ దొరుకుతుంది. కానీ తరాలనాటి సెట్ సంగతేంటి? ఈస్టిండియా కంపెనీ రోజుల్లో విశాఖపట్నం పనివాళ్లు చేసిన దంతం పావుల్ని కలెక్టర్లు నేటికీ ‘వైజాగపటం’ సెట్లనే పిలుస్తారు. 1986, 1991లలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణలతో దేశంలో దంతం వ్యాపారానికి తెరపడింది. ఉన్నది పాడైతే ఇంకోటి రాదు. అలాంటివాటి మీద డ్రిల్లు పెట్టడమంటే చేతులారా చెరుపుకోవడమే.

అందుకే పాతవాటికి మధ్యేమార్గం... పావును ముట్టుకోకుండా, కింద పల్చని చెక్కపీట తొడిగి చుట్టను అందులో దాచడం. పావు కొంచెం ఎత్తవుతుంది. కానీ కావాలనుకున్నప్పుడు పీట తీసేస్తే పాత పావు పాతదిగానే ఉంటుంది. అయితే ఆ పావులో సీసం ఉంటే పీట మరికాస్త మందంగా చేసుకోక తప్పదు.

ఏనుగుకు ఏనుగు రూపం

ప్రపంచమంతా ఇప్పుడు ఆడేది 1849లో ఇంగ్లండ్‌లో రూపుదిద్దుకున్న ‘స్టాంటన్’ పావులతో. అందులో ఏనుగు ఉండదు, కోట బురుజు ఉంటుంది. మనం దాన్ని ఏనుగనే పిలుస్తాం. మంత్రిని వాళ్లు రాణి చేశారు. మనకు ఇంకా మంత్రే! పోటీలకు స్టాంటన్ తరహా తప్పదు. ఇంట్లో ఆడుకోవడానికి ఆ నిబంధన లేదు. బోర్డుకు ఆకారంతో పనేలేదు కదా. ఏనుగు తొండమెత్తి నిలబడినా దానికి అభ్యంతరం లేదు, శ్రుతి సరిపోతే చాలు.

ఇక్కడే మన హస్తకళలకూ చోటుంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగులద్దే పనితనానికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రాజు, మంత్రి, బంట్లు... గుండ్రంగా తిరిగే రూపాలే. లోపల బోలుగా తీసి ఇవ్వడం ఆ చేతులకు పెద్ద పని కాదు. త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్లు అడుగున గూడుతో సహా పావును అచ్చు వేసుకుంటున్నారు. కానీ లక్క మెరుపు అచ్చులో రాదు.

కొలతలు ఇలా...

* పోటీ పావుల ఎత్తులు: రాజు 9.5 సెం.మీ., మంత్రి 8.5, శకటు 7, గుర్రం 6, ఏనుగు 5.5, బంటు 5.

* పావు అడుగు వెడల్పు దాని ఎత్తులో 40-50 శాతం ఉండాలి. గడి 5 నుంచి 6 సెం.మీ.

* ఒక గడిలో నాలుగు బంట్లు పట్టాలి.

* ఆట ముగిశాక రాజుల్ని నడిమి గళ్లలో పెడితే బోర్డు ఫలితం నమోదు చేసుకుంటుంది. రెండూ తెల్ల గళ్లలో ఉంటే తెల్లపావుల గెలుపు, నల్ల గళ్లలో ఉంటే నల్లపావులది. చెరొకటైతే డ్రా!