ఖాళీ గోడకు కిక్కిరిసిన జనము

దొంగతనము వలన పోయిన సొమ్మునకే కీర్తి హెచ్చిన ముచ్చట నొకటి చెప్పుదుము. 1911 ఆగస్టు 21న పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాలనుండి ‘మోనాలీసా’ మాయమయ్యెను. ఫొటో తీయుటకు కొనిపోయిరి కాబోలునని కావలివారు తలచిరి; మరునాటివరకు చోరీ సంగతియే తెలియదు. పోలీసులు అపోలినేరు కవిని చెరసాలలో పెట్టిరి, చిత్రకారుడు పికాసోను ప్రశ్నించిరి. జనము ఖాళీ గోడను చూచుటకు బారులు తీరిరి.

దొంగ పెరూజియా, లూవ్రులో చిత్రములకు అద్దములు బిగించిన పనివారిలో నొకడు! పోలీసులు అతని గదికే పోయి ప్రశ్నించియు వట్టి చేతులతో మరలిరి. రెండేండ్ల పిమ్మట, 1913 డిసెంబరులో, ఫ్లారెన్సులో అమ్మజూపి పట్టుబడెను. శిక్ష కొన్ని నెలలే.

ఉన్ననాడు కానరాని విలువ పోయిననాడు కానవచ్చుట మనకును క్రొత్త కాదు గదా!