పెరటి గొడుగు కింద హాయిగా ఎందుకుంటుంది?

అమెరికాలోని డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ వేసవిలో ఉష్ణోగ్రత తరచూ 38 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందుకే పెరట్లో భోజనం బల్ల మీదికి పెద్ద గొడుగు పెట్టుకుంటారు.

గొడుగు గాలిని చల్లబరుస్తుందా?
లేదు. ఎండలోనూ నీడలోనూ గాలి వేడి దాదాపు ఒక్కటే. తేడా సూర్యకిరణాలది. అవి నేరుగా తాకి ఒంటిని, వస్తువులను వేడెక్కిస్తాయి. గొడుగు వాటిని పైనే ఆపేస్తుంది. ఎండలో ఉన్న ఇనుప కుర్చీని ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. నీడలోని కుర్చీలో హాయిగా కూర్చోవచ్చు.

నడినెత్తిన సందు ఎందుకు?
చాలా పెద్ద గొడుగులకు పైన చిన్న సందు, దానిమీద టోపీలా మరో గుడ్డ ఉంటాయి. వేడిగాలి తేలిక కనుక పైకి లేచి ఆ సందులోంచి వెళ్లిపోతుంది. విసురుగాలి కూడా కొంత అందులోంచే పోతుంది. అయినా గాలి పెరిగితే గొడుగు ముడిచెయ్యాలి.

చర్మానికి రక్షణ ఎంత?
గుడ్డ మీద ‘యూపీఎఫ్ 50’ అని ఉంటే, అతినీలలోహిత కిరణాల్లో 50వ వంతే దాన్ని దాటి వస్తుందని అర్థం. కానీ ఆకాశంలో చెదిరిన కిరణాలు, నేల మీద పడి తిరిగొచ్చేవి పక్కల నుంచి తాకుతాయి. కాబట్టి నీడలో ఆడుకున్నా సన్‌స్క్రీన్ రాసుకోండి. పొద్దుతో పాటే నీడ జరుగుతుంది, మీరూ జరగండి!