చదువుకు ముందు ఖాళీ, చదువుల మధ్య ఖాళీ

సెమిస్టర్ పరీక్షల ముందు ప్రిపరేషన్ హాలిడేస్ మొదలైన రోజున హాస్టల్ గది ఏడాదంతా లేనంత శుభ్రంగా ఉంటుంది. మంచం కింద దుమ్ము దులుపుతారు. సీనియర్ల నోట్సు జిరాక్స్ తీయించుకొస్తారు. స్కెచ్ పెన్నులతో టైమ్‌టేబుల్ గీసి గోడకు అంటిస్తారు. ఇక మిగిలింది చదవడమే. "ఇంకా పది రోజులుంది కదరా, రేపు పొద్దున్నే మొదలెడదాం" అనుకుని ఆ సాయంత్రం సినిమాకు పోతారు.

ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. కానీ నిజంగా బద్ధకస్తుడైతే గది ఊడవడు కదా! వాయిదా వేసే అలవాటుపై ఏళ్లపాటు పరిశోధించిన తిమోతీ పిచిల్, ఫ్యూషా సిరోయిస్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇందులో మనసు బాధే ప్రధానమంటారు. అర్థంకాని పుస్తకం తెరవగానే గుండెలో గుబులు పుడుతుంది. మూసేస్తే ఆ క్షణమే హాయిగా ఉంటుంది. ఆ హాయి రుచి మరిగిన మెదడు మర్నాడు మరింత సులువుగా పుస్తకం మూయిస్తుంది. పైగా దూరపు కొండలు నునుపు. పది రోజుల అవతలి పరీక్ష నున్నగానే కనిపిస్తుంది, దగ్గరికొచ్చాకే రాళ్లూ ముళ్లూ తెలుస్తాయి.

ఈ హాయికి లెక్క తేల్చినవారూ ఉన్నారు. అమెరికాలో డయాన్ టైస్, రాయ్ బౌమైస్టర్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో, వాయిదాలు వేసే విద్యార్థులు సెమిస్టర్ మొదట్లో మిగతావారికంటే నిశ్చింతగా, ఆరోగ్యంగా ఉన్నారు. చివరికొచ్చేసరికి ఒత్తిడీ, అనారోగ్యమూ వారికే ఎక్కువయ్యాయి. మార్కులూ తగ్గాయి.

ఆఖరి రాత్రి నైటౌట్ కొట్టి ఈ నష్టం పూడ్చుకోవచ్చని చాలామంది ధీమా. జ్ఞాపకం పనిచేసే తీరు అందుకు ఒప్పుకోదు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల వరసలను తానే బట్టీపట్టి, తన మరుపును తానే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. మరుపు మొదటి గంటల్లోనే వేగంగా సాగి, తరువాత నెమ్మదిస్తుందని అందులో తేలింది. చదివినదాన్ని ఒకేసారి రుద్దడం కంటే రోజుల మీద పంచుకుంటే తక్కువ శ్రమతో నిలుస్తుందనీ ఆయన గమనించాడు.

మరి ఎంత ఎడం ఉండాలి? నికొలస్ సెపెడా బృందం 1,300 మందికి పైగా మనుషులపై పరీక్షించి 2008లో జవాబు చెప్పింది. పరీక్ష వారంలో ఉంటే, రెండు చదువుల మధ్య ఒక రోజు ఎడం అన్నిటికంటే బాగా పనిచేసింది. పరీక్ష దూరమయ్యేకొద్దీ ఆ ఎడమూ పెరగాలి. కొంత మరిచిపోయాక మళ్లీ గుర్తు తెచ్చుకోవడంలో పడే ఆ పెనుగులాటే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందని ఒక వివరణ.

పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం వల్ల లాభమెంతో పరిశోధకులు రోడిగర్, కార్పికె 2006లో చూపించారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివిన విద్యార్థులు వారం తరువాత అందులో 42 శాతం చెప్పగలిగారు. ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నదంతా రాసినవారు 56 శాతం చెప్పారు. అయితే అయిదు నిమిషాలకే పరీక్ష పెట్టినప్పుడు రెండుసార్లు చదివినవారిదే పైచేయి. తెల్లవారుజామున తిరగేసిన నోట్సు 'అంతా వచ్చేసింది' అనిపించడం ఇలాంటి భ్రమే.

నైటౌట్ కోసం వదులుకునే నిద్ర కూడా జ్ఞాపకానికి కావలసిందే. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ 1924లో ఇద్దరు విద్యార్థులపై ప్రయోగం చేసి, నేర్చుకున్నాక మేలుకుని ఉన్నప్పటికంటే నిద్రపోయినప్పుడు మరుపు తక్కువని చూపారు. తరువాతి పరిశోధనలు ఆ మాటను బలపరిచాయి.

కాబట్టి ఖాళీ రోజులు చదువుకు శత్రువులు కావు, చదువుల మధ్య పడితే అవే ఎరువు. మొదటి చదువుకు ముందు పడినవి మాత్రం తిరిగిరావు. పది రోజులుంటే ఈ రోజే ఒక యూనిట్ అరగంట చదవండి, పుస్తకం మూసి గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. ఆ తరువాత నిశ్చింతగా సినిమాకు వెళ్లండి. రేపు మళ్లీ ఆ యూనిట్ తెరిచేసరికి మొదటి ఎడం అప్పటికే పడి ఉంటుంది.