తూటా: ఒక కొలత కథ

గోదావరి ఉత్తరవాహినియై సాగు చెన్నూరు సీమలోను, అటుపై ఆసిఫాబాదు, ఉట్నూరు, నిర్మల్ దాక పరచుకొన్న టేకుటడవులలోను తరతరములుగా వేటకాని భుజమున వ్రేలాడినది నాటుతుపాకి. దానికి తూటా యను వస్తువు లేదు. సూరేకారము, గంధకము, కట్టెబొగ్గు కలిపి నూరిన నల్లమందును గొట్టము మూతి నుండి పోసి, గుడ్డపీలిక క్రుక్కి, సీసపు గుండు జారవిడిచి, ఇనుప కడ్డీతో దట్టించి, వెనుక రంజకమునకు నిప్పు తగిలించినగాని అది పేలదు. మందెంత పోయవలెనో నిర్ణయించునది చేతి అంచనా యొక్కటియే. అంచనా తప్పినపుడు గొట్టము చీలి, గురిపెట్టినవాని చేతులను, కన్నులను హరించుటయు కలదు. ఆ అంచనా స్థానమున కొలతను నిలుపుటకై మానవుడు చేసిన సుదీర్ఘ ప్రయత్నమే తూటా జీవితచరిత్ర.

తొలుత పుట్టినది కాగితపు తూటా. ఒక మోతాదు మందును, ఒక గుండును కాగితపు పొట్లములో చుట్టియుంచగా, సిపాయి దాని కొసను పంటితో కొరికి, మందును గొట్టములో ఒలికించెడివాడు. 1857లో ఎన్‌ఫీల్డు తుపాకి కొరకు వచ్చిన ఇట్టి తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిరన్న మాట సిపాయిల తిరుగుబాటునకు ఒక కారణమయ్యెను. ఆ మంట దక్కను అడవులకును ప్రాకగా, గోండు వీరుడు రాంజీ గోండు ఆంగ్ల, నిజాము సేనల నెదిరించి పోరాడి, 1860లో నిర్మల్‌లో ఉరితీయబడెను.

కాగితము నుండి లోహమునకు దారి చూపినవారు వేరు దేశములవారు. రంజకపు మెరుపు చూచి పక్షులు ముందే ఎగిరిపోవుచుండుటకు విసిగిన అలెగ్జాండర్ ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు, నిప్పుతో పనిలేక తాకిడి మాత్రముననే మండు రసాయనమును ప్రయోగించి, 1807లో పేటెంటు పొందెను. 1812లో పారిసు నగరమున శామ్యూల్ పౌలీ యను స్విట్జర్లండు దేశీయుడు మందును, గుండును, రంజకమును ఒక్క ముద్దగా కూర్చిన తూటాను రూపొందించెను. 1866 ప్రాంతమున అమెరికాలో బెర్డన్, ఇంగ్లండులో బాక్సర్ తూటా అడుగున అమరు రంజకపు టోపీలను సిద్ధపరచిరి. ఈనాటికిని ఆ రెండు రకములే వారి పేర్లతో వాడుకలో నున్నవి.

ఈ లోహపు తూటాలో అందరి దృష్టి గుండుపై నిలుచును గాని, అసలు కావలివాడు మందును పొదువుకొన్న ఇత్తడి గొట్టమే. రమారమి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము గల ఆ పలుచని గోడ, మందు మండిన క్షణమున వ్యాకోచించి తుపాకి గదిగోడల కంటుకొని, వాయువు వెనుకకు చిమ్మకుండ మూసివేయును. ఒత్తిడి తగ్గిన మరుక్షణము కొంత కుదించుకొని, బయటికి లాగుటకు వీలగును. ఇట్టి గుణము గల ఇత్తడియు మన వర్షర్తువునకు లొంగిపోయిన సందర్భ మొకటి కలదు. ఆంగ్లేయ సైన్యము గుఱ్ఱపుసాలల చెంత భద్రపరచిన తూటాలు వానకాలము గడచునప్పటికి వాటంతట నవియే బీటలు వారుచుండెను. గుఱ్ఱముల మూత్రమునుండి వెలువడు అమ్మోనియా, తయారీయందు లోహములో మిగిలిపోయిన బిగువు కలిసి ఈ చీలికలకు హేతువగుచున్నవని 1921లో ప్రకటితమైన పరిశోధన తేల్చెను. ఇత్తడిని తగినంత కాచి ఆ బిగువును సడలించుటయే దానికి విరుగుడు.

1884లో ఫ్రాన్సు రసాయనవేత్త పాల్ వియేల్ పొగలేని మందును కనుగొనుటతో తూటా శక్తియు, దానితోపాటు దాని ప్రమాదమును పెరిగినవి. పిస్తోలు తూటా మిక్కిలి చిన్నది. 1902 నాటి లూగర్ 9 మిల్లీమీటర్ల తూటాకు నేడు విధింపబడిన గరిష్ఠ పీడనము 2350 బార్లు, అనగా వాతావరణ పీడనమునకు సుమారు 2300 రెట్లు. అంత ఇరుకైన చోట గుండు మిల్లీమీటరులో కొద్ది భాగము లోనికి దిగినను పీడనము ఒక్కుమ్మడిగా ఎగబ్రాకును. పొగలేని మందు కొంచెము చోటే ఆక్రమించును గనుక, పొరపాటున రెండుమార్లు పోసినను పెక్కు తూటాలలో అది ఇమిడిపోవును. మందు మరీ తక్కువైనచో గుండు పిస్తోలు గొట్టము నడుమ చిక్కుకొనును. అది గమనింపక మరల కాల్చినవాని పిస్తోలే బ్రద్దలగును.

కనుకనే, చట్టము అనుమతించు దేశములలో చేతితో తూటాలు నింపుకొను క్రీడాకారులు, పరీక్షించి ముద్రించిన పట్టికలలోని కనిష్ఠ మోతాదుతో ఆరంభించి, ప్రతి మోతాదును త్రాసున తూచి, గుండు నమర్చక పూర్వము ప్రతి ఇత్తడి గొట్టములోనికి దీపపు వెలుగున తొంగిచూచి, కూర్చిన తూటా పొడవును కొలిచి, కొంచెము కొంచెముగా మాత్రమే హెచ్చింతురు. టోపీ చదునై అణగినను, ఇత్తడి అసాధారణముగ ఉబ్బినను అచ్చటనే ఆగిపోవుట వారి నియమము. అయితే అట్టి గుర్తులు కానరాకున్నను పీడనము హద్దు దాటియుండవచ్చును గనుక, పట్టికలోని గరిష్ఠ మోతాదును వారెన్నడును మీరరు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటా తయారుచేయుట నేరము, అది న్యాయమే.

నిర్మల్ ప్రాంతపు ఇసుక ఖనిజముతో కోనసముద్రమున మూసలలో ఉక్కు కాచిన కమ్మరుల కన్ను ఎంతటి నిశితమైనదో, పారశీక వర్తకులు అచ్చటికే వచ్చి ఆ ఉక్కును కొనిపోవుటయే సాక్ష్యము. కాని, ఎంతటి నేర్పరి కన్నైనను గొట్టము లోపలి పీడనమును చూడజాలదు. అందుచేతనే ఆండ్రూ నోబుల్ అను శాస్త్రజ్ఞుడు 1860 ప్రాంతమున చిన్న రాగిముక్కను ఫిరంగి గదికి తగిలించి, అది ఎంత నలిగెనో కొలిచి, ఆ అదృశ్య శక్తిని అంకెలలోనికి తెచ్చెను. చేతి నేర్పునకు మనము చూపు గౌరవము గొప్పదే. కాని ప్రాణముతో ముడివడిన పనియందు ఆ నేర్పు కొలతకు తలవంచుటయే వివేకము. తూటా జీవితము మనకు బోధించు పాఠ మిదియే.