వెన్నుపాముపై ఒత్తిడి

వేమూరు ప్రాంతపు శ్రోతలకు తాటిచెట్టును గూర్చి మేము చెప్పవలసిన పని లేదు. తెనాలి నుండి రేపల్లె పోవు రైలుబండి కిటికీలో నుండి చూచిన ఎవరికైనను పొలముల గట్ల మీద ఆ చెట్లు కనిపించును. కల్లుగీతకో, ముంజెలకో ఎక్కి జారిపడి నడుము విరిగినవారిని గూర్చి మన ఊళ్ళలో వినుచునే యుందుము. పడినవాడు స్పృహలోనే యుండును, మాటలాడును, మంచినీళ్ళడుగును. కాళ్ళు మాత్రము కదల్పలేడు. చుట్టుప్రక్కలవారు పరుగున వచ్చి, ఒకరు చంకల క్రింద, ఒకరు మోకాళ్ళ క్రింద పట్టి లేవనెత్తి, మోటారు సైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి ఆసుపత్రికి కొనిపోవుదురు. వారి ఆదుర్దా మెచ్చదగినదే. కాని చెట్టు చేయని కీడు ఒక్కొక్కప్పుడు ఆ లేవనెత్తుటలో జరిగిపోవును.

అదెట్లో తెలియవలెనన్న వెన్నులోపల ఏమున్నదో చూడవలెను. వెన్నెముక 33 పూసల దొంతి. పూసల వెనుకనున్న రంధ్రములన్నియు కలిసి ఒక గొట్టమగును. ఆ గొట్టములో మెదడు నుండి దిగివచ్చునది వెన్నుపాము. పెద్దవారిలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, లావు చిటికెనవ్రేలంత. దాని నుండి 31 జతల నాడులు శరీరమునకు ప్రాకును. కాలు కదుపుమను ఆజ్ఞ దిగుటయు, కాలిలో ముల్లు దిగిన వార్త పైకి పోవుటయు ఈ దారిననే. మలమూత్రములపై అదుపు కూడ దీనిదే.

ఎముక గొట్టము సాగదు. అదే రక్షణ, అదే ఆపద. లోపల మరియొకటి చోటు ఆక్రమించినచో వెన్నుపాము ప్రక్కకు తొలగుటకు తావు లేదు. తొలుత సన్నని రక్తనాళములు నొక్కుకొనిపోవును, వాపు వచ్చును. పిదప రక్తము అందక నాడీతంతువులు చచ్చును. చచ్చినవి తిరిగి మొలవవు. కనుకనే ఈ వ్యాధిలో గంటలకును దినములకును అంత విలువ.

విరిగిన పూస వెన్నుపామును క్షణములో నలుపును. తక్కిన కారణములు నెమ్మదిగా వచ్చును. క్షయక్రిములు పూసల ముందుభాగమును తినివేసి, చీము చేర్చి, గూని తెప్పించును. లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1779లో దీనిని వర్ణించెను. రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేటు గ్రంథి మొదలగువాని క్యాన్సరు పూసలకు ప్రాకి లోపలికి పెరుగుట మరియొకటి. వయసు మీరినవారిలో మెడపూసలు అరిగి, ముళ్ళు పెరిగి, దారి ఇరుకగుట సర్వసాధారణము.

మన తెలుగునాట ఇంకొక కారణము కలదు. అది త్రాగునీరు. నాటి నెల్లూరు జిల్లాలో కొన్ని గ్రామముల ప్రజలు వంగిపోయి, బిగిసిపోయి యుండుటను పరిశీలించి, దానికి బావినీటిలోని ఫ్లోరైడే కారణమని షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిరి. నల్లగొండ జిల్లా రోగులను గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. ఫ్లోరైడు మొదట పిల్లల పండ్లపై గోధుమరంగు మచ్చలుగా కనిపించును. ఏండ్లు గడచిన కొలది ఎముకలు మందమగును. పూసలను కలుపు పట్టీలు సైతము ఎముకగా మారును. ప్రక్కకు చూడవలెనన్న మెడ తిరుగదు, మనిషి మనిషే తిరుగవలసి వచ్చును. తుదకు గొట్టము ఇరుకై కాళ్ళు పడిపోవును. శస్త్రచికిత్స చేయబోయిన ఎముక దంతమువలె గట్టిపడి యుండును. చేరిన ఫ్లోరైడును వెడలగొట్టు మందు లేదు. నీరు మార్చుటయే మార్గము. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. నాగపూరు శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించిన పద్ధతిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చుదురు. దానికి నల్లగొండ పేరే పెట్టిరి. కీర్తికి ఇట్టి కారణము ఏ ఊరును కోరుకొనదు. కృష్ణ కాలువ నీరు త్రాగు మన డెల్టావారు ఈ విషయమున అదృష్టవంతులు.

నడుమునొప్పి వచ్చిన ప్రతివారును బెదరనక్కరలేదు. అందులో అధికభాగము కొలది వారములలో తగ్గునదే. కాని పడుకొన్నప్పుడు హెచ్చి రాత్రి నిద్రలేపు నొప్పి, ఛాతీకి పట్టీ బిగించినట్లుండు నొప్పి వేరు జాతివి. చెప్పు కాలినుండి జారిపోయినను తెలియకుండుట, మెట్లెక్కుటలో కాళ్ళు తడబడుట, చొక్కా గుండీ పెట్టుకొనుటకు వ్రేళ్ళు మొరాయించుట, మూత్రము బిగబట్టుట — వీనిలో ఏది కనిపించినను ఆ దినమే వైద్యుని చూడవలెను. జ్వరము, బరువు తగ్గుట, పూర్వము క్యాన్సరు ఉండుట తోడైనచో మరింత జాగ్రత్త. నడుము పట్టినదని ఎదురుకాళ్ళతో పుట్టినవారిని పిలిచి త్రొక్కించుకొను ఆచారము మన పల్లెలలో కలదు. క్షయ తినివేసిన పూసపై ఆ పాదము పడిన ఏమగునో ఊహింపుడు! మర్దనము సైతము అంతే.

ఒత్తిడి ఎచ్చట నున్నదో ఎం.ఆర్.ఐ. పరీక్షలో స్పష్టముగా కనిపించును; ఎక్సురేలో ఎముకయే కాని వెన్నుపాము కనిపించదు. క్షయకు నెలల తరబడి మందులు వాడవలెను; ప్రభుత్వాసుపత్రులలో అవి ఉచితము. సకాలమున మొదలిడిన, పడిపోయిన కాళ్ళు తిరిగి నడచుట ఈ వ్యాధిలో తరచుగా జరుగును. క్యాన్సరు ఒత్తిడికి వాపు తగ్గించు స్టీరాయిడు మందు వెంటనే ఇచ్చి, కిరణచికిత్స గాని శస్త్రచికిత్స గాని చేయుదురు. 2005లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో శస్త్రచికిత్సయు కిరణచికిత్సయు పొందినవారిలో నూటికి 84 మందియు, కిరణములు మాత్రమే పొందినవారిలో 57 మందియు చికిత్స పిదప నడువగలిగిరి. అయితే అది ఎంపికచేసిన రోగుల లెక్క. ఏ చికిత్సకైనను, నడచుచు వచ్చినవారు నడచుచు పోవుటకే అవకాశము హెచ్చు.

ఇక చెట్టు క్రింద పడియున్నవాని సంగతి. అతనిని కూర్చుండబెట్టవలదు, నీరు త్రాగింపవలదు. 108కి కబురు చేసి, అది వచ్చువరకు తలను అటునిటు కదలకుండ ఒకరు రెండు చేతులతో పట్టుకొనవలెను. బండి రాని చోట తప్పనిసరి యైనచో ఒక తలుపు రెక్కయో, వెడల్పు బల్లయో తెచ్చి, నలుగురైదుగురు కలిసి తల, మొండెము, కాళ్ళు ఒకే దుంగవలె దొర్లించి దానిపై చేర్చి, తువ్వాళ్ళతో కట్టి, ట్రాక్టరు ట్రక్కులోనైనను పరుండబెట్టియే తీసికొని పోవలెను. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన పిమ్మట కాళ్ళు ఆడనివానిని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుట ఇంటివారి పని. స్పర్శ లేని చర్మముపై పుండు పడినను అతనికి తెలియదు. పిరుదులు, మడమలు దినమున కొకసారి ఇంటివారే వెలుతురులో పరీక్షించి చూడవలెను.