గుంజాల అక్షరాలు

మన హాస్టల్ టీవీ గదిలో దీపావళి రోజుల్లో గుస్సాడి నృత్యం కనబడుతూనే ఉంటుంది. దూరదర్శన్ కేంద్రం ఉన్నది మన రామంతాపూర్‌లోనే కాబట్టి, ఆ బొమ్మలు పక్క వీధి నుంచే వస్తున్నాయని నవ్వుకునేవాళ్లం. ఒకసారి నెమలి ఈకల టోపీలు కనబడగానే మాలో ఎవరో ఈల వేశారు. జైనూరు వైపు నుంచి వచ్చిన మా గది మిత్రుడు లేచి వెళ్లిపోయాడు. "అది డ్యాన్సు కాదురా, మా దేవుడు" అన్నాడు రాత్రి. వాడి ఇంటి భాష గోండి అని మాకు అప్పుడే తెలిసింది. నీ పేరు మీ భాషలో రాయరా అంటే తెలుగు అక్షరాల్లోనే రాశాడు. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

గోండి మన తెలుగుకు చుట్టమే, ద్రావిడ భాష. నీటిని వాళ్లు 'ఏర్' అంటారు, మన 'ఏరు' దానికి తోబుట్టువు. 2011 జనాభా లెక్కల్లో సుమారు 29 లక్షల 80 వేల మంది తమ మాతృభాష గోండి అని చెప్పారు. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో దేవనాగరిలోను, మన దగ్గర తెలుగు లిపిలోను రాస్తారు. ఒక ఇంటివాళ్లే ఒకరి ఉత్తరం ఒకరు చదవలేని పరిస్థితి. 1943లో హైమన్‌డార్ఫ్ మర్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు కూడా వాచకాలు దేవనాగరిలోనే వచ్చాయి.

అయితే ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో పాత చేతిరాత ప్రతులు కొన్ని ఇళ్లలో భద్రంగా ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం ఊరి పెద్దల దగ్గర కూర్చుని వాటిని చదివించుకుంది. చదవగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, అందరూ వయసు పైబడినవారు. ఇంకో పదేళ్లు ఆలస్యమైతే ఏమయ్యేదో ఊహించండి. ఆ ప్రతులు 1750 ప్రాంతానివని పరిశోధకుల అంచనా. వాటిలో నెలల పేర్లు, పండుగలు, అంకెలు, చంద్రాపూర్ గోండు రాజుల సంగతులు ఉన్నాయి. లిపిలో 12 అచ్చులు, 25 హల్లులు. మన హల్లులు 'క'తో మొదలైతే వాళ్లవి 'య'తో మొదలవుతాయి. మాకు బాగా నచ్చిన సంగతి ఇదే. ఎవరి వరసనో చూసి దిద్దుకున్న లిపి కాదు.

2014లో ఫాంటు తయారై లిపి లోకానికి వెల్లడైంది. డీటీపీ సెంటర్లలో పనిచేసిన మిత్రులకు తెలుసు, పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన మ్యాటరు ఇంకో కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు వచ్చేవి. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే సంఖ్య ఉంటే ఆ బాధ ఉండదు. 2018లో యూనికోడ్ 11వ కూర్పులో గుంజాల గోండి అక్షరాలకు ఆ సంఖ్యలు దక్కాయి. ఊరి పెద్దలు, విశ్వవిద్యాలయం వాళ్లు, ఫాంటు గీసినవాళ్లు, ఉట్నూరు ఐటీడీఏ తలా ఒక చెయ్యి వేస్తే జరిగిన పని ఇది.

లిపి ఒక్కటే నిలబడదు. దాన్ని మోసే పాట, ఆట ఉండాలి. మర్లవాయికి చెందిన గుస్సాడి గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆశ్రమ పాఠశాలలో వంటపని చేసిన మనిషి ఆయన. మన మెస్‌లో అన్నం వడ్డించే పెద్దాయనకు ఏయే విద్యలు వచ్చో మనం ఎప్పుడైనా అడిగామా? 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. మాకు ఒక ఫిర్యాదు ఉంది. మంత్రులు వస్తే స్వాగతానికి అయిదు నిమిషాలు గుస్సాడి ఆడిస్తారు. దండారి అసలు ఊరి నుంచి ఊరికి నడిచి వెళ్లి, అతిథులుగా ఉండి ఆడే ఆట. ఊళ్లను వదిలేసి కాళ్లనే స్టేజీ ఎక్కిస్తే ఎలా?

కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్లు జన్నారం మండలం హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన తెస్తారు. నడిచిన దారి, ఆగిన చెట్టు, దాటిన వాగు వాళ్లకు కంఠతా వస్తాయి. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కుమ్రం భీం అడిగింది కూడా ఆ నేల మీద హక్కునే కదా.

ఇదంతా రాస్తుంటే మా ఇళ్లు గుర్తొచ్చాయి. మా ఊళ్లకు డక్కలి వాళ్లు వచ్చి, పటం విప్పి, కిన్నెర మీటుతూ జాంబపురాణం చెప్పేవారట. మా నాయనమ్మల వరకు వాళ్లకు గింజలు పెట్టి విన్నారు. మేము చదువుకున్నవాళ్లం అయ్యేసరికి అడగడం మానేశాం. 2022లో దర్శనం మొగులయ్య గారికి కిన్నెర మీద పద్మశ్రీ వచ్చాక అదే కిన్నెర వీడియోలను ఫోన్లలో పంచుకున్నాం.

మొన్న సంక్రాంతి సెలవులకు మా మిత్రుడు ఊరికి వెళ్లి, చార్టు కాగితం మీద గుంజాల అక్షరాలు రాసి తెచ్చాడు. మా గది గోడకు అంటించాం. పైన మొదటి అక్షరం 'య'. తన పేరు రాయడానికి వాడికి ఇంకా గోడ వంక చూడాల్సి వస్తోంది. మాకైతే మూడు అక్షరాలే వచ్చాయి.