కార్డును వదిలేసిన సిమ్

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ఐఫోన్ తాడేపల్లిలో ఇంటికి చేరగానే, పాత ఫోన్‌లోని సిమ్ తీసి అందులో వేద్దామని కూర్చుంటారు పెద్దవాళ్ళు. పిన్ను పట్టుకుని నాలుగు అంచులూ వెతికినా చిల్లు కనబడదు. ఏదో తేడా వచ్చిందనుకుని దగ్గర్లోని మొబైల్ షాపుకు పట్టుకెళ్తే, కౌంటర్ వెనక కుర్రాడు ఒకసారి తిరగేసి చూసి, "ఇది అమెరికా పీస్ బాబాయ్ గారూ, దీనికి ట్రే ఉండదు, ఈ-సిమ్ చేయించుకోవాలి" అంటాడు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 దగ్గర్నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ అర తీసేశారు. వడ్డేశ్వరం, గుంటూరు కాలేజీల్లో చదివి అటు వెళ్ళినవాళ్ళు వీధికి నలుగురైనా ఉండే ఈ ప్రాంతంలో, ఈ-సిమ్ అన్న మాట చాలామందికి ఇలాగే చెవిన పడింది.

వెంటనే వచ్చే సందేహం ఒకటుంది. కార్డే లేకపోతే మన నంబరు ఎక్కడుంటుంది? నిజానికి కార్డు ఉన్న రోజుల్లోనూ మన పది అంకెల నంబరు నడిచేది కంపెనీ దగ్గరున్న పట్టీని బట్టే. సిమ్‌లో ముఖ్యంగా ఉండేవి వేరే రెండు. ఒకటి ఐఎంఎస్ఐ అనే గుర్తింపు సంఖ్య. మామూలుగా 15 అంకెలుంటుంది, మన దేశపు కనెక్షన్ అయితే 404తోనో 405తోనో మొదలవుతుంది. రెండోది 128 బిట్ల రహస్య సంఖ్య. సిమ్ అనేది పుట్టిందే ఈ రెండోదాన్ని దాచడానికి. ఆ రహస్యం చిప్ లోపల ఒకటి, కంపెనీ సర్వర్‌లో ఒకటి, అంతే. దాన్ని ఫోన్ కూడా చదవలేదు. గాలిలోకి అది ఎప్పుడూ రాదు.

మరి గాలిలోకి రాని రహస్యంతో నెట్‌వర్క్ మనల్ని గుర్తుపట్టేదెలా? ఫోన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ టవర్ ద్వారా అప్పటికప్పుడు పుట్టించిన ఒక పెద్ద సంఖ్యను పంపుతుంది. సిమ్ ఆ సంఖ్యనూ తన రహస్యాన్నీ కలిపి లెక్క కట్టి, జవాబు మాత్రం తిరిగి పంపుతుంది. కంపెనీ కూడా తన దగ్గరున్న రహస్యంతో అదే లెక్క కడుతుంది. రెండు జవాబులూ సరిపోతే సిగ్నల్ గీతలు వస్తాయి. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడుతుంటే చుట్టూ ఎంతమంది నిలబడినా ధర తెలియనట్టే, మధ్యలో రేడియో పెట్టి వినేవాడికి ప్రశ్న, జవాబు చిక్కుతాయి గానీ రహస్యం చిక్కదు. మరోసారి అడిగితే ప్రశ్న మారిపోతుంది, పాత జవాబు పనికిరాదు. 3జీ నుంచి సిమ్ కూడా నెట్‌వర్క్‌ను ఇలాగే పరీక్షిస్తుంది, దొంగ టవర్ల బెడద వల్ల.

ఇంత పకడ్బందీ ఎందుకంటే అంతకు ముందున్న ఫోన్లు పడ్డ అవస్థ అలాంటిది. అమెరికాలోని అనలాగ్ ఫోన్లు తమ నంబరునూ, హ్యాండ్‌సెట్ సీరియల్ నంబరునూ దాపరికం లేకుండా గాలిలోకి పంపేవి. రోడ్డు పక్కన స్కానర్ పెట్టుకుని కూర్చున్న దొంగ ఆ రెండూ పట్టుకుని మరో ఫోన్‌లో ఎక్కించుకుంటే, మాట్లాడేది వాడు, బిల్లు కట్టేది అసలు మనిషి. యూరప్ దేశాలు జీఎస్ఎం పద్ధతిని తయారుచేసుకునేటప్పుడు ఈ కన్నాన్ని మొదట్లోనే పూడ్చాలనుకున్నాయి. చందాదారుడి గుర్తింపును ఫోన్ నుంచి విడదీసి, బయటివాళ్ళు చదవలేని చిప్‌లో పెట్టాయి.

ఆ చిప్ కథలో ఒక విచిత్రమైన మనిషి కనిపిస్తాడు. హెల్ముట్ గ్రోట్రప్ అనే జర్మన్ ఇంజనీరు రెండో ప్రపంచ యుద్ధంలో వీ-2 రాకెట్ల మీద పనిచేశాడు. యుద్ధం ముగిశాక సోవియట్ యూనియన్‌లో కొన్నేళ్ళు ఉండి తిరిగొచ్చాడు. 1968లో యుర్గెన్ డెత్‌లాఫ్‌తో కలిసి చిప్ కార్డుకు పేటెంట్ కోరాడు. తర్వాత మ్యూనిక్‌లోని గీసెకే అండ్ డెవ్రియెంట్ కోసం పనిచేశాడు. ఆ సంస్థ అసలు వృత్తి కరెన్సీ నోట్లు అచ్చువేయడం. దొంగనోటు వేయలేని నోటు ఎలా చేయాలో తరతరాలుగా ఆలోచించినవాళ్ళే నకలు తీయలేని సిమ్‌నూ చేశారు. 1991లో ఫిన్లాండ్‌లోని రేడియోలింజా కంపెనీకి వాళ్ళు అమ్మిన 300 కార్డులే ప్రపంచంలో మొదటి సిమ్‌లు.

ఆ మొదటి కార్డు ఇప్పటి ఏటీఎం కార్డంత ఉండేది: 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 వెడల్పు. పనిచేసే చిప్ మాత్రం వేలిగోరులో పట్టేంత. మిగతాదంతా చేత్తో పట్టుకోవడానికి ప్లాస్టిక్. తర్వాతి చరిత్రంతా ఆ ప్లాస్టిక్ కత్తిరింపే. 25 × 15 మినీ, 15 × 12 మైక్రో, 2012లో 12.3 × 8.8 నానో. మైక్రో కొత్తగా వచ్చినప్పుడు షాపుల్లో స్టేప్లర్ లాంటి కట్టర్‌తో టక్కున కోసి ఇచ్చేవాళ్ళు. కోసినా సిమ్ చక్కగా పనిచేసేది, ఎందుకంటే కోతపడింది పనిలేని భాగానికి. ఇక కోయడానికి ప్లాస్టిక్ మిగలనప్పుడు అరనే తీసేయాలన్న ఆలోచన వచ్చింది. అర ఫోన్ లోపల చోటు తింటుంది, అక్కడ చిల్లు ఉంటే నీళ్ళూ దుమ్మూ పోతాయి.

సిమ్ అర లేని ఫోన్ల గురించి మన దగ్గర ఒక పాత జ్ఞాపకం ఉంది. 1995 జులై 31న కలకత్తా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో దేశంలో సెల్‌ఫోన్ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్ సిమ్‌లతోనే వచ్చాయి. కానీ సామాన్యుడి చేతికి ఫోన్ దిగింది 2003లో రిలయన్స్ 501 రూపాయల పథకంతో. అవి సీడీఎంఏ ఫోన్లు, వాటికి సిమ్ లేదు. నంబరు హ్యాండ్‌సెట్‌లోనే రాసి ఉండేది. ఫోన్ పాడైతే నంబరును ఇంకోదానిలోకి మార్చడానికి కంపెనీ షాపు గడప తొక్కాల్సిందే. పక్కింటివాళ్ళ ఫోన్‌లో మన సిమ్ వేసుకుని ఒక కాల్ చేసుకోవడం జీఎస్ఎం వాళ్ళకే చెల్లింది. ఆ రోజులు చూసినవాళ్ళు ఈ-సిమ్ పేరు వినగానే "మళ్ళీ అదేనా?" అని అడుగుతారు. సరైన ప్రశ్నే. జవాబు సగం కాదు, సగం అవును.

కాదనే సగం ఇది. ఈ-సిమ్ చిప్‌ను ఫోన్ బోర్డుకే సోల్డర్ చేస్తారు. యంత్రాల్లో వాడే రకం 6 × 5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫ్యాక్టరీలో దానిలో పెట్టేది ఏ టెలికాం కంపెనీ రహస్యమూ కాదు. చిప్‌కు మాత్రమే చెందిన 32 అంకెల ఈఐడీ, దానికో రహస్య తాళం, అది అసలైన చిప్పేనని తయారీదారు సంతకం చేసిన డిజిటల్ సర్టిఫికెట్. ఆ సంతకాల వరస ప్రపంచ మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ గుర్తించిన మూల సర్టిఫికెట్ దాకా వెళ్తుంది. డయలర్‌లో *#06# కొడితే ఈ-సిమ్ ఉన్న ఫోన్లలో హ్యాండ్‌సెట్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ పక్కనే ఆ ఈఐడీ కనిపిస్తుంది.

కంపెనీ మన మెయిల్‌కు పంపే క్యూఆర్ కోడ్‌లో సిమ్ ఉందనుకుంటారు చాలామంది. అందులో ఉన్నది ఒక సర్వర్ చిరునామా, మన ప్రొఫైల్‌ను వెతికి పట్టుకునే ఒక టోకెన్ మాత్రమే. కెమెరా దాన్ని చదవగానే ఫోన్‌లోని చిన్న సహాయక ప్రోగ్రాము ఆ సర్వర్‌ను పలకరిస్తుంది. చిప్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది, సర్వర్ తనది చూపిస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు నమ్మాక, ఆ ఒక్క పనికే పనికొచ్చే ఉమ్మడి తాళం ఒకటి లెక్కగట్టుకుంటారు. సర్వర్ మన ఐఎంఎస్ఐ, 128 బిట్ల రహస్యం, నెట్‌వర్క్ సెట్టింగులు అన్నీ కలిసిన ఆ ప్రొఫైల్‌ను ఒక మూటగా కట్టి ఆ తాళం వేసి పంపుతుంది. ఫోన్ ఆ మూటను మోస్తుంది గానీ విప్పలేదు. ఆ ఒక్క చిప్ మాత్రమే లోపల విప్పి, మిగతా ప్రొఫైళ్ళతో సంబంధం లేని ఒక గదిలో పెట్టుకుంటుంది. ఇలాంటి గదులు ఒకే చిప్‌లో చాలా ఉండవచ్చు. డల్లాస్‌లో దిగిన విద్యార్థి బ్యాంకు ఓటీపీల కోసం ఇక్కడి నంబరును ఒక గదిలో ఉంచుకుని, అక్కడి నంబరును ఇంకో గదిలో వేసుకోగలిగేది అందుకే. సీడీఎంఏ ఫోన్‌లో ఇది ఊహకైనా అందని పని.

జీఎస్ఎంఏ ఈ పద్ధతిని మామూలు వినియోగదారుల కోసం 2016లో తెచ్చింది. అదే ఏడాది శాంసంగ్ గేర్ ఎస్2 వాచీ దాన్ని వాడుకుంది. 2017లో గూగుల్ పిక్సెల్ 2, 2018లో ఐఫోన్ ఎక్స్ఎస్ వచ్చాయి. మన టెలికాం శాఖ 2018 మే నెలలో అనుమతి ఇచ్చింది.

ఈ సాంకేతికతకు నా దృష్టిలో ఎక్కువ విలువ ఖరీదైన ఫోన్లలో కంటే పొలంలో ఉంది. గుంటూరు, ప్రకాశం మిరప చేలల్లో బోరు మోటారు పక్కన రేకు పెట్టెలో మొబైల్ స్టార్టర్ పెట్టుకున్న రైతులున్నారు. ఇంటి దగ్గర్నుంచి కాల్ చేస్తే మోటారు తిరుగుతుంది, కరెంటు పోయి వస్తే మెసేజ్ వస్తుంది. రాత్రిపూట పురుగూ పుట్రా భయం లేకుండా పోయింది. ఆ పెట్టెను తెరిచి చూస్తే దాని బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది. ఎండకు రేకు కాలుతుంటుంది, బల్లి గుడ్లు, సాలెగూళ్ళు, ఎర్ర దుమ్ము, వానాకాలం చెమ్మ. సర్క్యూట్ బాగానే ఉంటుంది, సిమ్ కాంటాక్టుల బంగారు పూత మీద మాత్రం మసి పేరుకుంటుంది. సిమ్ తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెడితే మోటారు పలుకుతుంది. ఇలాంటి చోట బోర్డుకే అతికిన చిప్ ఉంటే ఊడే కాంటాక్టే ఉండదు. పారిశ్రామిక రకం చిప్‌లు మైనస్ 40 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటాయి. క్యూఆర్ చూపించే మనిషి అక్కడ ఉండడు కాబట్టి యంత్రాల ఈ-సిమ్‌లో ప్రొఫైల్‌ను దూరంగా ఉన్న సర్వరే మారుస్తుంది. ఒక కంపెనీ టవర్ ఆ పొలానికి అందకపోతే ఇంకో కంపెనీకి మార్చడానికి ఎవరూ చేలోకి వెళ్ళనక్కర్లేదు. ప్రయాణికుల వాహనాలకు తప్పనిసరి చేసిన ట్రాకింగ్ పరికరాల్లో అతికిన సిమ్ అడిగేది కూడా ఇందుకే. మోటారు స్టార్టర్లకూ అదే రావాలి.

ఇక అవును అనే సగం. కార్డు చేతిలో లేదు కాబట్టి నంబరు ఏ ఫోన్‌లో ఉండాలో మళ్ళీ కంపెనీయే తేలుస్తుంది, కంపెనీని నమ్మించినవాడికి నంబరు దక్కుతుంది. ఈ చిప్‌ను బద్దలుకొట్టడం కష్టం, మనిషిని మోసం చేయడం సులువు. "కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కేవైసీ ముగిసింది, వచ్చిన మెసేజ్‌కు ఎస్ అని పంపండి" అని ఫోన్ వస్తుంది. పంపితే అవతలివాడి ఫోన్‌లోకి మన ప్రొఫైల్ దిగుతుంది. మన ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, ఓటీపీలు వాడికి వెళ్తాయి. కార్డు రోజుల్లో ఇదే మోసం చేయాలంటే నకిలీ కాగితాలతో షాపుకు రావాల్సి వచ్చేది. ఇప్పుడు ఎక్కడో కూర్చుని చేస్తున్నారు. సిమ్ మారిన తర్వాత 24 గంటలు మెసేజ్‌లు ఆపే నియమం పెట్టింది దీన్ని అడ్డుకోవడానికే. ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంటైనా రాకపోతే ఇంకో ఫోన్ నుంచి కంపెనీకీ, బ్యాంకుకీ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పాలి. మన పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో చూపే పోర్టల్‌ను టెలికాం శాఖ 2021 ఏప్రిల్‌లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళకే తెరిచింది. ఇప్పుడది ఆ శాఖ సంచార్ సాథీ సైట్‌లో దేశమంతటికీ ఉంది.

చిప్ కూడా అభేద్యమేమీ కాదు. 1998లో అమెరికా పరిశోధకులు ఆనాటి సిమ్‌లలో వాడిన కాంప్128 లెక్కను ఛేదించి, రహస్యాన్ని బయటికి తీసి నకలు చేయవచ్చని చూపించారు. 2025 జులైలో పోలండ్‌కు చెందిన సెక్యూరిటీ ఎక్స్‌ప్లొరేషన్స్ అనే చిన్న సంస్థ కీజెన్ కంపెనీ ఈ-సిమ్ చిప్ నుంచి దాని సర్టిఫికెట్ తాళాన్నే రాబట్టింది. పరీక్షల కోసం ఉంచిన ప్రొఫైల్‌లోని లొసుగు అందుకు దారి ఇచ్చింది. ఆ పరీక్షా ప్రొఫైల్ నిబంధనను మార్చి, చిప్‌లకు సవరణ పంపారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంతకంటే చిన్న విషయం. మా ఇంట్లో ఒక ఫోన్ నీళ్ళలో పడి చచ్చిపోయింది, అందులో ఈ-సిమ్. కొత్త ఫోన్‌లోకి మార్చమని అడిగితే నిర్ధారణ కోసం ఓటీపీ పంపారు, చచ్చిపోయిన ఆ నంబరుకే. షాపుకు వెళ్తే ఆధార్ చూసి మార్చారు, మెసేజ్‌లు మర్నాడు గానీ రాలేదు. అదే కార్డు అయితే బియ్యంలో పెట్టిన ఫోన్ ఆరేలోపే ఇంకో ఫోన్‌లో పలికేది. చేతిలో సిమ్ ఉన్నంతకాలం దాన్ని ఏ ఫోన్‌లో వేయాలో ఎవరినీ అడగక్కర్లేదు. జీఎస్ఎం మనిషికి ఇచ్చిన పెద్ద వరం అదే, ఈ-సిమ్ దాన్ని కంపెనీ అనుమతి కిందికి తెచ్చింది. ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా బదిలీ చేసే ఏర్పాటు సాంకేతికంగా ఉంది. ఏ కంపెనీ ఫోన్ నుంచి ఏ కంపెనీ ఫోన్‌లోకైనా, పాతది పగిలిపోయినా సరే, ఊళ్ళోని మామూలు షాపులో వేలిముద్రతో గంటలోపు మారేలా నియమం రావాలి. పదివేల లోపు ఫోన్లలో ఈ చిప్ మామూలైపోయే లోపే అది రావాలి. ఫోన్ పగిలితే ఆ రోజు కూలి డబ్బులు ఎవరు వేశారో, మిరప రేటు ఎంత పలికిందో తెలియక ఎక్కువ ఇబ్బంది పడేది ఆ ఫోన్లు వాడేవాళ్ళే.